జపాన్ కత్తుల కోసం తిరిగిన చోట్లు: ఎక్కడ ఏం చూడొచ్చు

కత్తులు చూడటానికి జపాన్ వెళ్లేవాళ్లు ముందు ఒక చిన్న లెక్క గుర్తుపెట్టుకుంటే టికెట్ డబ్బులు దండగ కావు. అక్కడి పాత కొలత షాకు, అంటే 30.3 సెంటీమీటర్లు. అలుగు, అంటే కత్తిలో పిడి బయటుండే పదును భాగం, ఒక షాకు లోపుంటే టాంటో. ఒకటి నుంచి రెండు మధ్య వకిజాషి. రెండు దాటితే కటానా లేదా తాచి, మూడు దాటితే ఒదాచి. పిడిలోకి దూరే భాగం లెక్కలోకి రాదు. మొన నుంచి వీపు మీది గాడి దాకా తిన్నగా కొలుస్తారు, వంపు వెంట కాదు.

టోక్యోలో అందరూ ఉఎనోలోని నేషనల్ మ్యూజియానికే వెళ్తారు. అక్కడ కత్తులది ఒక గది మాత్రమే. మికాజుకి మునెచిక లాంటి పేరున్నవి ఎప్పుడూ బయట పెట్టరు, ఏం పెట్టారో ముందే చూసుకుని వెళ్లాలి.

నా ఓటు రియోగొకులోని కత్తుల మ్యూజియానికి. 2018లో యొయోగి నుంచి ఇక్కడికి మారింది. చిన్నదే, కానీ తీరిగ్గా చూడొచ్చు. ఒకే పొడవున్న రెండు కత్తుల్లో ఒకటి వాదర పైకి, ఇంకోటి కిందికి పెట్టి ఉంటాయి. పైకి ఉన్నది కటానా, నడుం పట్టీలో దోపుకునేది. కిందికి ఉన్నది తాచి, నడుముకి వేలాడదీసేది. పిడి భాగంలో రెండు మూడు చీలల రంధ్రాలు కనిపిస్తే కాస్త ఆగి చూడండి. పొడవాటి తాచిని కింద నుంచి కోసి పొట్టి చేసి ఉండొచ్చు. చాలాసార్లు ఆ ముక్కతోనే కమ్మరి సంతకమూ పోయింది! ప్రదర్శన మారే రోజుల్లో మూసేస్తారు, జాగ్రత్త.

బస కూడా రియోగొకులోనే. గదిలో సూట్‌కేస్ తెరవాలంటే మంచమే దిక్కు, కానీ రాత్రిళ్లు ప్రశాంతం. శాకాహారులకు మాత్రం కష్టమే, మిసో సూప్‌లోనూ మామూలుగా చేప మరిగించిన నీళ్లే పోస్తారు.

నగోయాలో అత్సుతా మందిరం ఆవరణలో 2021లో తెరిచిన కుసనాగి భవనంలో తారో తాచి అనే ఒదాచి ఉంది. అలుగే 221.5 సెంటీమీటర్లు! జపాన్ రాజవంశపు పవిత్ర చిహ్నాల్లో ఒకటిగా మందిరంలో కొలువున్న కుసనాగి కత్తిని మాత్రం ఎవరికీ చూపించరు.

ఒకయామా దగ్గరి ఒసాఫునెలోని కత్తుల మ్యూజియం దూరమే, అయినా వదలొద్దు. 2020లో ఆ ఊరి నగరపాలక సంస్థ విరాళాలు పోగుచేసి యమతోరిగె అనే తాచిని 50 కోట్ల యెన్‌లకు కొంది. అది కొన్ని రోజులే బయటికొస్తుంది. నెలకో ఆదివారం కొలిమిలో ఇనుము సాగగొట్టి చూపిస్తారు, వీలైతే ఆ రోజే పెట్టుకోండి. స్టేషన్ చిన్నది, టాక్సీ కోసం చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. తిరుగు బండి కావాలని మ్యూజియం వాళ్లకి ముందే చెప్పి పెట్టుకోండి.