ఆక్స్‌ఫర్డ్‌లో ఒక్క రోజు ఉంటే ముందు ఫ్రీ మ్యూజియంలకే వెళ్లండి

అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు ఆక్స్‌ఫర్డ్ తీసుకెళ్లా, లండన్ పాడింగ్టన్‌లో ట్రైన్ ఎక్కితే గంట అటూఇటూగా దిగిపోయాం. నేను వెళ్లడం ఇది మూడోసారి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా, పొద్దున్నే టికెట్ కొని కాలేజీల వెంట తిరగొద్దు. ఆ రోజు ఒక కాలేజీ తెరిచే ఉంటుందని ఆన్‌లైన్‌లో చూసుకుని మరీ వెళ్తే గేటు దగ్గర మూసేశాం అని బోర్డు, అమ్మని అంత దూరం నడిపించినందుకు చాలా బాధేసింది.

అక్కణ్నుంచి నేచురల్ హిస్టరీ మ్యూజియంకి వెళ్లాం, 1860లో తెరిచారు, టికెట్ లేదు. పైన గాజు కప్పు, కింద డైనోసార్ అస్థిపంజరాలు, అందరూ వాటినే ఫొటోలు తీస్తారు గానీ చుట్టూ ఉన్న రాతి స్తంభాలు చూడండి, ఒక్కోటి ఒక్కో రకం బ్రిటిష్ రాయి, దేని పేరు దాని మీదే చెక్కి ఉంటుంది. అంతరించిపోయిన డోడో పక్షి తల, కాలు ఈ మ్యూజియం దగ్గరే ఉన్నాయి, ప్రపంచం మొత్తంలో చర్మంతో సహా మిగిలింది ఈ ఒక్క డోడోనే. ఆ మాట చెప్పాక అమ్మ అక్కణ్నుంచి కదల్లేదు.

అదే హాలు వెనక గుమ్మంలోంచి వెళ్తే పిట్ రివర్స్ మ్యూజియం, ఇదీ ఫ్రీనే, సోమవారం మాత్రం మధ్యాహ్నం నుంచే తెరుస్తారు. నాకు ఊరు మొత్తంలో ఇదే ఇష్టం. లోపల మసక వెలుతురు, అద్దాల బీరువాలు కిక్కిరిసి ఉంటాయి, చేత్తో రాసిన చిన్న చిన్న చీటీలు. దేశాల వారీగా కాకుండా వస్తువు దేనికి వాడతారో దాన్నిబట్టి సర్దారు, వాయిద్యాలన్నీ ఒకచోట, ఆయుధాలన్నీ ఒకచోట, అందుకే ఎక్కడెక్కడి వాళ్లో ఒకే అవసరానికి ఎన్ని రకాలుగా ఆలోచించారో పక్కపక్కనే కనపడుతుంది. ఇంతకుముందు కుదించిన మనిషి తలలు కూడా పెట్టేవాళ్లు, 2020లో తీసేశారు, మంచి పని చేశారు, వాళ్లూ ఎవరో ఒకరి ఇంటి మనుషులే కదా. కనీసం రెండు గంటలు ఉంచుకోండి.

తర్వాత రాడ్‌క్లిఫ్ కెమెరా, పేరు అలా ఉన్నా అది గుండ్రటి పాత లైబ్రరీ భవనం, బయటి నుంచి చూసినా చాలు. పక్కనే సెయింట్ మేరీ చర్చి టవర్, 127 మెట్లు, బాగా ఇరుకు, మోకాళ్ల నొప్పులుంటే వద్దు. ఎదురుగా ఆల్ సోల్స్ కాలేజీ గేటు, మన ఆంధ్రా యూనివర్సిటీ వీసీగా చేసిన రాధాకృష్ణన్ గారు 1936లో ఆక్స్‌ఫర్డ్‌కి ప్రొఫెసర్‌గా వచ్చి ఈ కాలేజీలోనే ఫెలోగా ఉన్నారని చెప్తే అమ్మ ఆ గేటు ముందు ఫొటో అడిగి మరీ తీయించుకుంది.

తిరుగు ట్రైన్ కొంచెం లేటుగా పెట్టుకోండి. రాత్రి 9:05కి క్రైస్ట్ చర్చ్ కాలేజీ టామ్ టవర్ గంట 101 సార్లు కొడతారు, ఆక్స్‌ఫర్డ్ పాత టైము లండన్ గ్రీనిచ్ టైము కంటే 5 నిమిషాలు వెనక, ఆ లెక్కన సరిగ్గా 9 అన్నమాట. బయట రోడ్డు మీద నిలబడి వినొచ్చు. అమ్మ వేళ్ల మీద లెక్కపెడుతూ ఆఖరి దాకా ఉంది.