బీరువాలో పడేసిన క్రెడిట్ కార్డు: ఫీజు పడినా తెలీదు, సిబిల్ పడినా తెలీదు

మాల్‌లోనో పెట్రోల్ బంకులోనో టేబుల్ వేసుక్కూర్చున్న కుర్రాడు "లైఫ్‌టైమ్ ఫ్రీ సార్, మీకు పోయేదేముంది" అన్నాడని తీసుకున్న కార్డు ఇంట్లో ఉందా? అయితే ముందు దాని స్టేట్‌మెంట్ తెరవండి. కార్డు వాడకుండా ఊరికే ఉంచుకుంటే సిబిల్ స్కోరు (అప్పులు ఎంత సరిగ్గా కడుతున్నామో చెప్పే మార్కు) తగ్గదు. దాని మీద మనకు తెలియకుండా పుట్టే బాకీ వల్లే తగ్గుతుంది.

నోటిమాట "లైఫ్‌టైమ్ ఫ్రీ" కాగితం దగ్గరికొచ్చేసరికి చాలాసార్లు "మొదటి ఏడాది ఉచితం" అయిపోతుంది. కార్డుతో వచ్చే ఛార్జీల పట్టికలో జాయినింగ్ ఫీజు ఒక వరుస, రెన్యూవల్ ఫీజు ఇంకో వరుస. మొదటి వరుసలో సున్నా కనిపించగానే చదవడం ఆపేస్తాం. ఏడాది తిరిగాక ₹999 రెన్యూవల్ ఫీజు, 18 శాతం జీఎస్టీ కింద ₹179.82, మొత్తం ₹1,178.82 బిల్లులో పడుతుంది. ఆ బిల్లు ఎప్పుడో వాడటం మానేసిన మెయిల్‌కి వెళ్తుంది, మెసేజ్ పాత నంబరుకి వెళ్తుంది. గడువు దాటాక లేట్ ఫీజు, దాని మీద మళ్లీ జీఎస్టీ తోడవుతాయి.

డబ్బు పోతే పోయింది, అసలు దెబ్బ రిపోర్టులో తగులుతుంది. గడువు దాటి మూడు రోజులు మించితే బ్యాంకు ఆ బాకీని క్రెడిట్ బ్యూరోలకు, అంటే సిబిల్ లాంటి, మన అప్పుల చిట్టా రాసిపెట్టే సంస్థలకు పంపొచ్చు. సిబిల్ రిపోర్టులో ఒక్కో కార్డు కింద 36 నెలల గళ్లు ఉంటాయి. 000 ఉండాల్సిన చోట 030, 060, 090 అని రోజుల లెక్క ఎక్కుతుంది. ఆ గడిలో ఎక్కేది ఎన్ని రోజుల ఆలస్యమన్నదే, ఎంత బాకీ అన్నది కాదు. హోమ్ లోన్‌కి వెళ్లినప్పుడు బ్యాంకువాళ్ల కన్ను ముందు పడేది అక్కడే.

ఇందులో ఇంకో మెలిక. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మాఫీ చేశాం" అంటారు. ₹999 వెనక్కి వస్తుంది, జీఎస్టీ ₹179.82 మాత్రం ఒక్కోసారి అలాగే ఉండిపోతుంది. మాఫీ అన్నారు కదా అని మనం కట్టం, ఆలస్యం లెక్క నడుస్తూనే ఉంటుంది. "జీఎస్టీతో కలిపి రివర్స్ చేశారా?" అని అడిగి, తర్వాతి స్టేట్‌మెంటులో బాకీ సున్నా చూశాకే వదిలేయండి.

అలాగని కంగారుపడి కార్డులన్నీ మూసేయకండి. మూడు కార్డుల లిమిట్లు లక్ష, 60 వేలు, 40 వేలు అనుకుందాం. నెలకు 40 వేలు వాడితే రెండు లక్షల్లో అది 20 శాతం. లక్ష లిమిట్ కార్డు తీసేస్తే అదే ఖర్చు 40 శాతం అవుతుంది. మొత్తం లిమిట్‌లో వాడకం 30 శాతం లోపు ఉంటే స్కోరుకి మంచిదన్నది అందరూ పాటించే లెక్క. కాబట్టి ఫీజు లేని పాత కార్డు ఉండనివ్వండి, ఫీజు పడే కొత్తది తీసేయండి. లోన్‌కి అప్లై చేయబోయే రెండు మూడు నెలల్లో మాత్రం దేన్నీ కదపకపోవడమే మేలు.

ఉంచుకునే కార్డుతో మూడు నాలుగు నెలలకోసారి ఫోన్ రీఛార్జో కరెంటు బిల్లో కట్టి, మొత్తం బిల్లుకి ఆటోపే పెట్టేయండి. ఏడాదికి మించి వాడకపోతే, ముందు తెలియజేసి, 30 రోజుల్లో మన నుంచి జవాబు రాకపోతే బ్యాంకే కార్డు మూసేయాలని 2022 నాటి రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఆ కబురు కూడా పాత నంబరుకే వెళ్తుంది మరి!

మూసేయాలనుకుంటే కత్తెరతో కోస్తే సరిపోదు. దానివల్ల ప్లాస్టిక్కే పోతుంది, ఖాతా అలాగే ఉంటుంది. ముందు ఆ కార్డు మీద ఉన్న ఓటీటీ, ఇన్సూరెన్స్ ఆటో డెబిట్లు తీసేయండి. ఈఎంఐలుంటే తీర్చేయండి. రివార్డు పాయింట్లు వాడేయండి. పైసలతో సహా బాకీ కట్టి, యాప్‌లోనో మెయిల్‌లోనో క్లోజర్ రిక్వెస్ట్ పెట్టి ఆ నంబరు దాచుకోండి. పోస్టులో ఉత్తరం పంపితేనే చేస్తామనడానికి వాళ్లకు హక్కు లేదు. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసేయాలి, ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకీ ₹500 మీకు చెల్లించాలి. మూసినట్టు మెయిల్ వస్తే దాన్ని అస్సలు డిలీట్ చేయొద్దు.

నెలన్నర ఆగి రిపోర్టు తీయండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఆ కార్డు ఎదురుగా "క్లోజ్డ్", బాకీ సున్నా ఉండాలి. "సెటిల్డ్" (పూర్తిగా కట్టకుండా తగ్గించి తేల్చుకున్నారని) అనో "రిటెన్ ఆఫ్" (బాకీ వసూలు కాదని బ్యాంకు రాసేసుకుందని) అనో ఉంటే వెంటనే ఆ బ్యూరో సైట్‌లోనే డిస్ప్యూట్ పెట్టి క్లోజర్ మెయిల్ జత చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపై రోజుకు ₹100 పరిహారం మీకు రావాలి, అడిగి తీసుకోండి.