సిలికాన్ చెయ్యి: ఏళ్ల తరబడి వాడాక

అచ్చం అసలు చేతిలా కనిపించే సిలికాన్ చెయ్యి చేయించుకోవచ్చా అని అడిగేవాళ్లకు నా జవాబు: చేయించుకోండి. అయితే దాంతో గ్లాసు పట్టుకోలేం, వేళ్లు కదలవు. నేనిప్పుడు వాడుతున్నది రెండోది. మొదటిది అంచు దగ్గర చిరిగిపోయింది.

ఎడమ చెయ్యి మణికట్టు దాకా తీసేశాక మొదట పీవీసీ తొడుగు ఇచ్చారు. పసుపు, పెన్ను సిరా, చివరికి పేపరు నలుపు అంటినా వదిలేది కాదు. సిలికాన్ మీద పసుపు పడితే సబ్బునీళ్లతో చాలావరకు పోతుంది. నా కుడిచేతిని చూసి దానికి జోడీగా మలిచారు. రంగు పైన పూయకుండా సిలికాన్‌లోనే కలిపారు కాబట్టి నరాల నీలం లోపలి నుంచి కనిపిస్తుంది. రంగు కలిపేటప్పుడు ఎండలో ఒకసారి, ట్యూబ్‌లైటు కింద ఒకసారి చూపించమని పట్టుబట్టండి. ఒక వెలుతురులో కలిసిన రంగు ఇంకో వెలుతురులో తేడా కొడుతుంది. వేసవిలో కుడిచెయ్యి కమిలి నల్లబడుతుంది, ఇది నల్లబడదు. అంచు కనబడకుండా గాజులు వేసుకుంటాను. మట్టిగాజులు చిట్లితే సిలికాన్ తెగుతుంది, అందుకని లోహపువే. గోళ్లు యాక్రిలిక్‌వైతే నెయిల్ పాలిష్ తీయడానికి అసిటోన్ వాడొద్దు, పాడైపోతాయి.

ఆషాఢంలో పండుగకు మా అమ్మాయి "అమ్మా, దీనికీ పెడతా" అని గోరింటాకు పెట్టింది. కడిగితే మొత్తం పోయింది. కుడిచెయ్యి ఎర్రగా పండి, పక్కనే ఇది అలాగే ఉంటే చూడలేకపోయాను. ఆ పండుగంతా దీన్ని తొడగకుండానే తిరిగాను. బంధువుల మధ్య అలా తిరగడం అదే మొదలు, అప్పుడు భయం వెయ్యలేదు.

ఈ చెయ్యి రాకముందు బస్సెక్కితే చెయ్యి కొంగు కింద దాచుకునేదాన్ని. "ఏమైందమ్మా?" అని ముక్కూమొహం తెలియనివాళ్లు అడిగేవారు. ఈ చెయ్యి వచ్చాక ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నా ఇష్టమైంది. దీనివల్ల నాకు జరిగిన మేలంతా ఇదే, ఇది చిన్నది కాదు.

లేని వేళ్లు పిడికిలి బిగించినట్టుండే నొప్పి మాత్రం దీంతో తగ్గలేదు. దానికి అద్దం పనికొచ్చింది. 1990లలో నాడీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ మొదలుపెట్టిన పద్ధతి అది. అద్దంలో కుడిచెయ్యి ఎడమచేతిలా కనిపిస్తుంది, దాన్ని చూస్తూ పిడికిలి విప్పాలి. అందరికీ గుణం ఇవ్వదు, నాకిచ్చింది. దిగులు తగ్గింది ఇంకోలా. నాలాగే చెయ్యి పోయిన ఒకావిడ ఫిజియోథెరపీ దగ్గర పరిచయమై, ఒంటిచేత్తో కుచ్చిళ్లు ఎలా పెట్టుకోవాలో నేర్పింది. ఆవిడతో మాట్లాడిన రోజు నాకు నిద్రపట్టేది.

ఖర్చు తక్కువేమీ కాదు. కాలు పోయినవాళ్లకు జైపూర్‌లోని భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి 1975 నుంచి జైపూర్ ఫుట్ అనే కృత్రిమ పాదాన్ని ఉచితంగా అమరుస్తోంది. చెప్పుల్లేకుండా నడిచినా పాదంలాగే కనిపించేలా చేశారు దాన్ని. చేతి విషయంలోనూ రూపాన్ని సోకుగా కాక అవసరంగా చూడాలని నా కోరిక.

డబ్బు కట్టేముందు, వాడి చిరిగిపోయిన పాత చెయ్యి ఒకటి చూపించమనండి. కొత్తదాని ఫొటోలు చూసి ఒప్పుకోవద్దు.