115, 124, 147: ఆత్మరక్షణ తూటాకు ఏ బరువు మేలు?

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లలో కొత్తగా 9 ఎంఎం (తొమ్మిది మిల్లీమీటర్ల గుండు వాడే) పిస్తోలు కొన్నవారు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఏ కంపెనీ తూటా అని కాదు, ఎన్ని గ్రెయిన్ల బరువుది అని. పోయిన నెల మా బావమరిది దుకాణంలో నిలబడే ఫోను చేశాడు. "బావా, రెండూ ఒకే కంపెనీవి, ఒకే రకం, ధరలో కూడా తేడా లేదు. ఒక పెట్టె మీద 124 అని ఉంది, ఇంకో దాని మీద 147 అని ఉంది. ఏది తీసుకోమంటావు?" బరువైనదే మంచిదని వెనక నుంచి దుకాణదారు చెబుతున్న మాట నాకూ వినిపించింది. 124 తీసుకో, మిగతాది ఇంటికి వచ్చాక చెబుతాను అన్నాను. ఆ మిగతాదే ఇది.

అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక హెచ్చరిక. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకీనే కాదు, తూటాను కూడా దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి, అంతే. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు కదా అని కొందరు అంటారు. అది రాష్ట్ర చట్టం. ఫెడరల్ నిషేధం కింద ఉన్నవారికి అది ఏ విధంగానూ పనికిరాదు. గ్రీన్ కార్డో పౌరసత్వమో ఉన్నవారికే ఈ చర్చ. హైదరాబాదులో ఉన్న మిత్రులకు ఈ సమస్యే లేదు. అక్కడ 9 ఎంఎం సామాన్యులకు నిషిద్ధ బోరు (గొట్టం సైజు).

ఇక్కడ తూకం వేస్తున్నది 9 ఎంఎంలో పేరున్న కంపెనీల హోలోపాయింట్ తూటాలను మాత్రమే, అంటే ముక్కులో గుంత ఉండి, తగిలినప్పుడు విచ్చుకునేవి. బరువు అంటే తూటా మొత్తం బరువు కాదు, గొట్టం నుంచి బయటికి వెళ్లే గుండు బరువు. 115 గ్రెయిన్లంటే ఏడున్నర గ్రాములు, 124 అంటే ఎనిమిది, 147 అంటే తొమ్మిదిన్నర. చేతిలో పెట్టుకుని చూస్తే తేడా తెలియదు.

బరువు గురించి ఇంత చర్చ ఎక్కడ మొదలైందో తెలియకపోతే మిగతాదంతా అంకెల గారడీలా కనిపిస్తుంది. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు దోపిడీదారులకూ ఎఫ్‌బీఐ ఏజెంట్లకూ మధ్య కాల్పులు జరిగాయి. జెర్రీ డవ్ అనే ఏజెంటు కాల్చిన 115 గ్రెయిన్ల 9 ఎంఎం గుండు దోపిడీదారుల్లో ఒకడైన మైఖేల్ ప్లాట్ కుడి చేతిని చీల్చుకుని ఛాతీలోకి దూరింది. ఊపిరితిత్తిని దెబ్బతీసి, గుండెకు ఇంచుమించు ఒక అంగుళం దూరంలో ఆగిపోయింది. ప్రాణాంతకమైన గాయమే, కానీ అప్పటికప్పుడు పడగొట్టేది కాదు. ప్లాట్ ఆ తరువాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. డవ్‌తో పాటు బెన్ గ్రోగన్ అనే మరో ఏజెంటు చనిపోయారు.

ఆ గుండు తప్పు చేయలేదు. త్వరగా విచ్చుకోవాలి, మరీ లోతుకు పోకూడదు అని తయారు చేశారు, అదే చేసింది. చెయ్యి అడ్డం వస్తుందని తయారుచేసినవారు లెక్క వేసుకోలేదు. ఎదుటి మనిషి ఛాతీ చూపిస్తూ బొమ్మలా నిలబడడు కదా. పిస్తోలు పట్టుకున్నవాడి చేతులు ఎప్పుడూ ఛాతీ ముందే ఉంటాయి. ఆ తరువాతే ఎఫ్‌బీఐ జెలటిన్ పరీక్షలో (కండకు బదులు జెలటిన్ దిమ్మెలోకి కాల్చి చూసేది) గుండు కనీసం 12 అంగుళాలు, ఎక్కువలో ఎక్కువ 18 అంగుళాల లోతుకు పోవాలనే కొలమానం పెట్టుకుంది. 115 అంటే అనుమానం, 147 అంటే నమ్మకం అన్న ధోరణికి పునాది కూడా అక్కడే పడింది.

అయితే అప్పటి 147కు దాని తంటాలు దానికి ఉండేవి. నెమ్మదిగా వెళ్లే గుండు కావడంతో ముందున్న గుంతలో బట్ట పీచు ఇరుక్కుంటే విచ్చుకోకుండానే సూటిగా దూసుకుపోయేదన్న చెడ్డపేరు దానిది. ఇవాళ్టి గుండ్లు వేరు. ఫెడరల్ హెచ్‌ఎస్‌టీ, స్పీర్ గోల్డ్ డాట్, వించెస్టర్ రేంజర్ వంటివి నాలుగు పొరల డెనిమ్ గుడ్డ దాటి వచ్చి కూడా పువ్వులా విచ్చుకుంటాయి. 147 గ్రెయిన్ల గోల్డ్ డాట్ జీ2ను ఎఫ్‌బీఐ స్వయంగా వాడింది.

ఇప్పుడు అంకెలు. హెచ్‌ఎస్‌టీ 124 గ్రెయిన్ల గుండు వేగం సెకనుకు 1,150 అడుగులని కంపెనీ చెబుతుంది. 147 గ్రెయిన్లది 1,000 అడుగులు. శక్తి లెక్క కడితే 124కు 364 అడుగు-పౌన్లు, 147కు 326. 124 గెలిచింది. అదే ద్రవ్యవేగం లెక్క కట్టండి, 147 మూడు శాతం ముందుంటుంది. రెండు లెక్కలూ అవే తూటాల గురించి. ఏ పక్షాన వాదించాలనుకుంటే ఆ లెక్క బయటికి తీస్తారు. జెలటిన్ దిమ్మెలో చూస్తే రెండూ 12 అంగుళాలు దాటుతాయి, రెండూ బాగానే విచ్చుకుంటాయి. 147 మరికాస్త లోతుకు పోతుంది, అది నిజం. కానీ పరీక్షలో ఉత్తీర్ణులైన ఇద్దరిలో ఒకరికి నాలుగు మార్కులు ఎక్కువ వచ్చాయని నేను తుపాకీ పట్టుకునే పద్ధతి మార్చుకోలేను.

నా దృష్టిలో తేల్చేది జెలటిన్ కాదు, సాధన. ఇది నాకు రెండేళ్ల క్రితం ఒక శనివారం తుపాకీ సాధన చేసే రేంజిలో తెలిసివచ్చింది.

అప్పట్లో నేనూ 147 మనిషినే. సాధనకు మాత్రం అందరిలాగే చవకగా దొరికే 115 గ్రెయిన్ల మామూలు తూటాలు వాడేవాడిని. ఆ రోజు 15 గజాల దూరంలో కాగితం పెట్టి, మ్యాగజైనులో ముందు ఐదు 115లు, తరువాత ఐదు 147లు వరుసగా కాల్చాను. ముందరి ఐదూ చుక్క చుట్టూ అరచేతిలో పట్టేంత చోట పడ్డాయి. తరువాతి ఐదూ ఇంచుమించు అంగుళంన్నర పైన ఇంకో గుంపు కట్టాయి. నా చెయ్యి తప్పేమో అనుకుని ఈసారి వరుస మార్చి, ముందు 147లు, తరువాత 115లు కాల్చాను. మళ్లీ అంతే. నెమ్మదిగా వెళ్లే గుండు గొట్టంలో ఒక లిప్త ఎక్కువసేపు ఉంటుంది. ఆలోగా తుపాకీ మూతి కొంచెం పైకి లేస్తుంది. కనుక బరువైన గుండు దగ్గరి దూరాల్లో పైన తగులుతుంది. చదివి తెలుసుకున్న విషయమే, కాగితం మీద చూసేదాకా పట్టించుకోలేదు.

అంగుళంన్నర పెద్ద తేడా కాదనవచ్చు. ఇంట్లో ఏడు గజాలకు మించి కాల్చాల్సిన అవసరం రాదు, అక్కడ ఆ తేడా ఇంకా తగ్గిపోతుంది. నన్ను ఇబ్బంది పెట్టింది ఆ అంగుళంన్నర కాదు, వెంటనే కాల్చాల్సిన రెండో తూటా. 115 చటుక్కున తన్నుతుంది. 147 నెమ్మదిగా వెనక్కి నెడుతుంది. నెలకు రెండు వందల తూటాలు కాల్చి నా మణికట్టుకు నేర్పిందంతా మొదటి తన్నుకు సంబంధించిన పాఠమే. గురిచూసే ముందు సైటు పైకి లేచి మళ్లీ లక్ష్యం మీదికి వచ్చే తాళం రెండింటికీ వేరు. అవసరమైన రోజున నా చేతిలో ఉండేది మాత్రం నేను ఏడాదికి ఇరవై కాల్చే తూటా. ఒక పాట సాధన చేసి కచేరీలో ఇంకో పాట పాడినట్టు ఉంది నా వ్యవహారం.

అయితే 147తోనే సాధన చేయవచ్చు కదా? చేయవచ్చు. 147 గ్రెయిన్ల సాధన తూటాలు ఉన్నాయి, కానీ అన్ని దుకాణాల్లో ఉండవు, ఉన్నచోట ధర ఎక్కువ. 124 అలా కాదు. అమెరికా సైన్యం దశాబ్దాలు వాడిన ఎం882 తూటాలో గుండు కూడా 124 గ్రెయిన్లదే. అందుకే ఆ బరువు సాధన తూటా ఎక్కడైనా దొరుకుతుంది, 115 కన్నా తూటాకు ఒకటి రెండు సెంట్లు ఎక్కువ అంతే. సాధనకు 124, రక్షణకు 124 పెట్టుకున్న తరువాత రెండు గుంపులూ ఒకే చోట పడుతున్నాయి. నా తన్నూ తాళమూ ఒక్కటయ్యాయి.

చిన్న పిస్తోళ్ల విషయంలో ఒక మాట చెప్పాలి. పెట్టె మీద ఉండే వేగం సాధారణంగా నాలుగు అంగుళాల గొట్టంతో కొలిచింది. గ్లాక్ 19 ఉన్నవారికి అది సరిపోతుంది. సిగ్ పీ365 వంటి 3.1 అంగుళాల గొట్టంలో అంగుళానికి పాతిక నుంచి యాభై అడుగుల వేగం తగ్గుతుంది. ఈ లోటు పూడ్చడానికి ప్లస్ పీ తూటాలు, అంటే ఎక్కువ పీడనంతో కాలేవి, తీసుకోమని సలహా ఇస్తారు. మామూలు 9 ఎంఎం తూటాకు పీడనం పరిమితి చదరపు అంగుళానికి 35,000 పౌన్లు, ప్లస్ పీకి 38,500. చిన్న తుపాకీలో ఆ పది శాతం అరచేతిని గట్టిగానే పలకరిస్తుంది. మామూలు 124ను మంచి కంపెనీది తీసుకుంటే ఆ బాధ అక్కర్లేదని నా అభిప్రాయం.

147కు న్యాయం చేయాలంటే ఇది చెప్పాలి: మా ఆవిడ తుపాకీలో అదే ఉంది. చిన్న తుపాకీలో 124 చటుక్కుమనడం తనకు నచ్చలేదు, 147 నెట్టుడు నచ్చింది. తను కాల్చేది కూడా తక్కువ, సాధన తూటా ధర ఎక్కువైనా పెద్ద భారం కాదు. సైలెన్సర్ వాడేవారికి కూడా 147దే దారి. ధ్వని వేగం 1,125 అడుగుల చుట్టూ ఉంటుంది, 147 దాని కింద వెళ్తుంది కనుక గాలిలో చిట్లే చప్పుడు ఉండదు.

115 హోలోపాయింట్ సంగతి క్లుప్తంగా. ఇవాళ్టివి 1986 నాటివాటి కన్నా చాలా మెరుగు, కొన్ని 12 అంగుళాలు దాటుతాయి కూడా. కానీ అదే ధరకు మరికొంత వెసులుబాటు ఉన్న 124 దొరుకుతుండగా అంచు మీద నడవడం ఎందుకు? 135 గ్రెయిన్ల హార్నడీ క్రిటికల్ డ్యూటీ మంచి తూటానే. అదే బరువులో సాధన తూటా వెతుక్కోవడమే కష్టం, కాబట్టి నా లెక్కలో నిలవదు.

తేలిక గుండు గోడలు దాటదు, పక్క గదిలో పిల్లలకు ప్రమాదం ఉండదు అని 115 వైపు మొగ్గేవారు ఉన్నారు. ఇది ప్రమాదకరమైన అపోహ. మన ఊళ్లలో ఇటుక గోడలు చూసి పెరిగిన మనకు ఇక్కడి గోడ గోడలాగే కనిపిస్తుంది. కానీ ఇంటి లోపలి గోడ అంటే అరంగుళం మందం జిప్సం పలకలు రెండు, మధ్యలో చెక్క నిట్రాళ్లు, మిగతాది ఖాళీ. 115 అయినా 147 అయినా అలాంటి గోడలు రెండు మూడు దాటి పోగలదు. గుంతలో జిప్సం పొడి ఇరుక్కుంటే హోలోపాయింట్ విచ్చుకోదు కూడా. పిల్లల గది ఎటు ఉందో చూసుకుని ఎక్కడ నిలబడాలో ముందే ఆలోచించుకోవడం తప్ప దీనికి బరువులో మందు లేదు.

ఎడిసన్ వైపు ఉన్నవారు బరువు కన్నా ముందు చట్టం చూసుకోవాలి. న్యూజెర్సీలో హోలోపాయింట్ ఇంట్లో ఉంచుకోవచ్చు, రేంజికి తీసుకువెళ్లవచ్చు, కానీ వెంట పెట్టుకుని తిరగడం మీద ఆంక్షలున్నాయి. అక్కడ చాలామంది ముందు గుంతను పాలిమర్‌తో నింపిన క్రిటికల్ డిఫెన్స్ రకం వాడతారు. 9 ఎంఎంలో అది 115 గ్రెయిన్లు. వారికి నా 124 వాదం వర్తించదు.

మిగతా కాలిబర్లు ఒక్క గుక్కలో. పాయింట్ 45లో 230, ఇంకేదీ వెతకకండి. పాయింట్ 380లో 90 నుంచి 99 మధ్య ఏదైనా, లోతు కష్టంగానే వస్తుంది. పాయింట్ 40లో 180. బ్రిటిష్ కాలం నాటి మన తులం బరువు కూడా సరిగ్గా 180 గ్రెయిన్లే, 11.66 గ్రాములు. మా అమ్మకు ఈ మాట చెబితే తులం అంటే బంగారమే కదురా, దాన్ని కాల్చడమేమిటి అంది.

బావమరిది ఆ రోజు నా మాట విని 124 హోలోపాయింట్ రెండు పెట్టెలు కొన్నాడు, దుకాణదారు మాట కాదనలేక 147 కూడా ఒకటి కొన్నాడు. సాధనకు వెయ్యి 124లు తెప్పించుకొమ్మన్నాను. హోలోపాయింట్లు దాచుకునే ముందు కనీసం యాభై తన తుపాకీలో కాల్చి చూడమన్నాను, గుండ్రటి ముక్కు తూటాలు సాఫీగా మింగే తుపాకీ గుంత ముక్కు దగ్గర మొరాయించవచ్చు. పోయిన ఆదివారం రేంజికి వెళ్లాం. 124లు ఒక్కటీ ఇరుక్కోలేదు. ఆ 147 పెట్టెలో ఇరవైలో పదిహేడు మిగిలాయి, మా ఆవిడకు ఇచ్చి వెళ్లాడు.