డీసీసీ: అనంతపురం ఎండల్లో ఏళ్ల తరబడి వాడాక

పెప్టైడ్ బంధం, అంటే రెండు అమైనో ఆమ్లాలను కలిపే బంధం, కట్టాలంటే మా ల్యాబ్‌లో ఇప్పటికీ ముందుగా తీసేది డీసీసీ సీసానే, అంటే డైసైక్లోహెక్సైల్‌కార్బోడైఇమైడ్. రసాయన శాస్త్రవేత్తలు షీహన్, హెస్ 1955లో దీన్ని ఈ పనికి పరిచయం చేశారు. రెండేళ్ల తర్వాత పెన్సిలిన్ వి తయారీలో బీటా లాక్టమ్ వలయాన్ని మూయడానికి షీహన్ వాడిందీ ఇదే. ఎమ్మెస్సీ పిల్లలతో డైపెప్టైడ్లు చేయించడానికి ఇంత చవకగా, ఇంత నమ్మకంగా పనిచేసేది నాకు ఇంకొకటి దొరకలేదు.

అయితే మన ఊరి ఎండకి దీని తీరే వేరు. 34–35 డిగ్రీలకే కరుగుతుంది. డిసెంబరులో సీసాలో మైనంలా గడ్డకట్టి ఉంటుంది, ఏప్రిల్ వస్తే ఏసీ లేని గదిలో ద్రవమైపోతుంది. ఒకసారి మే నెలలో తెప్పించిన సీసా దారిలోనే కరిగి, మూత చుట్టూ కారి వచ్చింది. అప్పట్నుంచి ఏడాదికి సరిపడా జనవరిలోనే తెప్పించుకుంటున్నాను.

గడ్డను స్పాచులాతో గీకనివ్వను. దీని అలర్జీ మొండిది, ఒకసారి పట్టుకుంటే ఆ తర్వాత కాస్త తగిలినా దద్దుర్లే. మూత బిగించిన సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచి కరిగించి, ఆవిర్లు లాగేసే హుడ్‌లో తూచి, వెంటనే తేమ లేని డైక్లోరోమీథేన్ అనే ద్రావణిలో కలిపేస్తాం. ఆ డైక్లోరోమీథేన్ 40 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి వేసవిలో కప్లింగ్‌లన్నీ, అంటే ఆమ్లాలను కలిపే చర్యలన్నీ, పొద్దున్నే. మధ్యాహ్నం కరెంటు పోతే టెన్షనే.

బోక్ (అమీన్ చివరను కప్పి ఉంచే రక్షణ గుంపు) తగిలించిన అమైనో ఆమ్లం, రెండో అమైనో ఆమ్లపు మిథైల్ ఎస్టర్ ఐస్‌లో కలుపుతూ డీసీసీని చుక్కలుగా వేస్తే కాసేపటికి ఫ్లాస్కు తెల్లబడుతుంది. అది డీసీయూ, డీసీసీ నుంచి మిగిలే డైసైక్లోహెక్సైల్‌యూరియా, చర్య సాగుతోందనడానికి గుర్తు. పిల్లలు "మేడమ్, తెల్లగా వస్తోంది!" అని పిలిచేది అప్పుడే. అమీన్ మందకొడిగా ఉంటే మాత్రం ఉత్తేజితమైన ఆమ్లం దారి తప్పి ఎన్-అసైల్‌యూరియా అయిపోతుంది, ఇక అది దేనికీ పనికిరాదు. హెచ్‌ఓబీటీ (హైడ్రాక్సీబెంజోట్రయజోల్) అనే సహాయక రసాయనం కలిపితే ఆ నష్టమూ తగ్గుతుంది, రేసెమైజేషనూ (అణువు ఎడమ, కుడి రూపాలు కలగలిసిపోవడం) తగ్గుతుంది. నీరు లేని హెచ్‌ఓబీటీకి పేలే గుణం ఉంది, అందుకని హైడ్రేటే కొనండి.

నా పెద్ద ఫిర్యాదు ఆ డీసీయూ మీదే. వడకట్టి, ఇథైల్ ఎసిటేట్‌లోకి తీసుకుని, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి మళ్లీ వడకట్టినా శుద్ధత చూసే ఎన్ఎంఆర్ గ్రాఫ్‌లో 1 నుంచి 2 పీపీఎం మధ్య సైక్లోహెక్సైల్ గుట్టలు కనిపిస్తూనే ఉంటాయి. శుద్ధంగా కావాల్సిన పదార్థానికైతే డీసీసీ కుటుంబానికే చెందిన ఈడీసీ హైడ్రోక్లోరైడ్ తీసుకుంటాను. దాని యూరియా నీళ్లతో కడిగితే పోతుంది. ఖర్చు ఎక్కువ, పైగా ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మూత తెరిస్తే తేమ పట్టి ముద్దవుతుంది. రెసిన్ పూసల మీద ఎఫ్‌మాక్ (బోక్ లాంటి మరో రక్షణ గుంపు) పద్ధతిలో చేసేవాళ్లకు అదే కుటుంబంలోని డీఐసీ నయం.

ద్రావణంలో రెండు మూడు అమైనో ఆమ్లాలు కలిపే పనికైతే డీసీసీనే కొనండి. చిన్న సీసా చాలు, మంచి గ్లవ్స్ కూడా తెచ్చుకోండి.