మేకపిల్లలకు ఎర్ర బల్బు: రెండు సీజన్లు వాడినాక నా మాట

ఐదుకు మూడు చుక్కలు ఇస్తున్నాను. ఐదూ ఇవ్వాలనిపించిన రాత్రులు ఉన్నాయి, తీసి గోడకేసి కొట్టాలనిపించిన రాత్రి కూడా ఒకటి ఉంది, అందుకే మధ్యలో ఆగాను. వస్తువేమిటంటే, కోళ్ల ఫారాల్లో పిల్లల మీద వేలాడదీస్తారు చూడండి, 250 వాట్ల ఎర్ర బల్బు, ఇన్‌ఫ్రారెడ్ బల్బు అంటారు, అది. వరంగల్ స్టేషన్ రోడ్డు వైపు కోళ్ల దాణా, పశువుల మందులు అమ్మే ఒక దుకాణంలో కొన్నాను. మాది ధర్మసాగర్ అవతల ఊరు. 22 మేకలు, ఎక్కువ నాటువే, ఓ ఐదారింటిలో ఉస్మానాబాది (మహారాష్ట్ర వైపు మేకల జాతి) రక్తం ఉంది. కవలల్ని వేసేవి ఎక్కువగా ఇవే, చలికి వణికేదీ ఈ కవలల్లో చిన్నదే.

ఇంతకుముందు మాకు బల్బూ లేదు ఏమీ లేదు. వరిగడ్డి, గోనెసంచి, దాని మీద గంప బోర్లించడం, అంతే. మరీ చలిగా ఉంటే కుంపటి. మేకలు వానాకాలపు పచ్చిమేత తిని ఒళ్లు చేసి, సెప్టెంబర్ అక్టోబర్లలో ఎదకొస్తాయి, అక్కడి నుంచి 150 రోజులు లెక్కేసుకుంటే సరిగ్గా మాఘం, ఫాల్గుణంలో ఈనుతాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్లు అన్నమాట నిజమే గానీ, అది చలి గురించి, వాన గురించి కాదు. మధ్యాహ్నం 35 డిగ్రీలు ఎండ కొట్టి, రాత్రి పదింటికి గాలిదుమారం లేచి, రాళ్లవాన పడి, తెల్లారేసరికి దుప్పటి వెతుక్కునే వాతావరణం మన దగ్గర ఫిబ్రవరి, మార్చిల్లో కొత్తేం కాదు. పెద్ద మేక ఒళ్లు విదిలించుకుని నెమరు వేస్తూ కూర్చుంటుంది. తల్లి కడుపులో 39 డిగ్రీల వెచ్చదనంలో నుంచి తడితో నేల మీద పడ్డ రెండు కిలోల పిల్ల మాత్రం గంటలో కట్టెలా అయిపోతుంది.

2023 మార్చి మధ్యలో పడ్డ రాళ్లవాన వరంగల్, కరీంనగర్ వైపు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. మక్కలు నేలకొరిగి, మిర్చి తడిసి, మామిడి రాలి, ఆ నెల 23న అప్పటి ముఖ్యమంత్రి వచ్చి పంటలు చూసి ఎకరాకు 10 వేలు ప్రకటించి పోయారు. ఆ వారంలో మా దొడ్డిలో మూడు పిల్లలు పోయాయి. రాయి తగిలి కాదు, తడిసి. ఆ మూడింటి లెక్క నా నోటుబుక్కులోనే ఉంది. ఆ కడుపుమంటతోనే, తర్వాతి చలికాలంలో ఈ బల్బు కొన్నాను. ఇంటికి తెచ్చి దూలానికి కడుతుంటే మా బాపు వచ్చి చూసి, "ఏంది రా, కోళ్ల ఫారం పెడ్తున్నవా?" అని నవ్వి పోయాడు.

పని చేసిందా అంటే చేసింది, కానీ నేను అనుకున్న పని కాదు. షెడ్డు వెచ్చబడుతుందని కొన్నాను. నాలుగు పక్కలా సగం గోడే ఉన్న రేకుల షెడ్డు ఒక్క బల్బుతో వెచ్చబడడం వట్టి మాట. ఇది గాలిని వేడి చెయ్యదు, కింద ఉన్న ఒంటిని వేడి చేస్తుంది, పొద్దుటి ఎండ వీపుకు తగిలినట్టు. అంటే దీని అసలు పని పిల్లను ఆరబెట్టడం. తల్లి నాకుతూ ఉంటుంది, మనం పాత పంచెతో తుడుస్తాం, పైనుంచి బల్బు, అరగంటలో ఆ వెంట్రుకలు పొడిగా లేచి నిలబడతాయి. ఒకసారి ఆరి, కడుపులో ముర్రుపాలు పడ్డ పిల్లకు తర్వాత పెద్దగా ఏమీ అక్కర్లేదు, చలిని అదే కాచుకుంటుంది. ఈ అరగంటకు మాత్రం ఐదు చుక్కలు, కళ్లు మూసుకుని ఇస్తాను. కుంపటికీ దీనికీ పోలికే లేదు, పొగ లేదు, పిల్లలు దగ్గడం లేదు.

ఎంత ఎత్తులో కట్టాలో డబ్బా మీద రాసి లేదు, దుకాణాయన చెప్పలేదు. నేను పిల్లల్నే చూసి నేర్చుకున్నాను. బల్బు కింద ఒకదాని మీద ఒకటి గుట్టగా పడుకుంటే చల్లగా ఉందని, వెలుగు అంచుకు జరిగి కాళ్లు చాపితే వేడి ఎక్కువైందని. పిల్ల వీపుకు రెండడుగులు తగ్గకుండా పెట్టాను. ఇంకో మాట, తల్లిమేక అందుకోలేని చోట కట్టాలి. మేక సంగతి మీకు తెలిసిందే, ముందుకాళ్లు గోడకు ఆనించి నిలబడితే మన ఛాతీ దాకా వస్తుంది, వైరు దొరికితే నమిలి చూడకుండా వదలదు. అందుకే మూలకు వెదురు తడిక అడ్డం కట్టి, పిల్లలు మాత్రమే దూరే సందు పెట్టాను.

ఇప్పుడు అసలు కోపం. బల్బుతో పాటు హోల్డర్ కూడా వాళ్లే ఇచ్చారు. ప్లాస్టిక్‌ది. నేను అడిగాను కూడా, "అన్నా, ఇది వేడికి ఆగుతదా?" అని. "ఏం కాదన్నా, అందరూ ఇదే తీస్కపోతరు" అన్నాడు. మూడో రాత్రి షెడ్డులోకి పోతే ఏదో కమురు వాసన, పైకి చూస్తే హోల్డర్ నోరు ఒక పక్కకు జారి, బల్బు వంకరగా వేలాడుతోంది, దాని కింద మోకాలెత్తు ఎండు వరిగడ్డి, గడ్డిలో నాలుగు పిల్లలు. ఆ రోజు నేను నిద్రపోయి ఉంటే దొడ్డి మొత్తం బుగ్గయ్యేది. తెల్లారి బస్సెక్కి మళ్లీ వరంగల్ పోతే, హోల్డర్ చూసి "వోల్టేజ్ ఎక్కువ వచ్చి ఉంటది" అన్నాడు. వోల్టేజా! చివరికి పింగాణీ హోల్డర్ ఇచ్చాడు, డబ్బులు తీసుకునే. నాకిచ్చింది మర బల్బు, అంటే తిప్పి బిగించేది, ఇంట్లో వాడే పిన్ను హోల్డర్‌కు ఎక్కదు, కాబట్టి పింగాణీది, మరది అని రెండూ చెప్పి అడగాలి. బల్బు చుట్టూ ఇనుప జాలీ గూడు తప్పనిసరి. వేలాడదీసేది వైరుతో కాదు, గొలుసుతో, అది కూడా రెండు చోట్ల, ఒకటి తెగినా రెండోది పట్టుకునేలా. వీటన్నింటికీ కలిపి నాకు బల్బు కంటే ఎక్కువే అయింది.

గోడకేసి కొట్టాలనిపించిన రాత్రి గురించి చెప్పాలి. నిరుడు మార్చి, పగలంతా ఉక్క. సాయంత్రం నుంచే ఒక మేక మందకు దూరంగా నిలబడి కాలితో నేల గీరడం, పడుకోవడం, లేవడం. తోక మొదట్లో ఎముకల పక్కన గుంటలు పడ్డాయి, అంటే ఈ రాత్రే. పదిన్నరకు మొదటి పిల్ల వచ్చింది, అప్పుడే పడమర నుంచి గాలి లేచింది. రేకుల మీద రాళ్లు పడుతుంటే పక్కన మనిషి మాట వినపడదు. రెండో పిల్ల ఆ చప్పుళ్లోనే పడింది, చిన్నది, మాయ పొర ముక్కు మీదే ఉంటే వేలితో తీసి, నోట్లో జిగురు తుడిచి బల్బు కింద పెట్టాను. రేకుకు మేకు కొట్టిన చోట నుంచి ఒక్కటంటే ఒక్క చల్లటి నీటిబొట్టు వచ్చి ఎర్రగా కాలుతున్న బల్బు మీద పడింది. టప్. గాజు ముక్కలు గడ్డిలో. మొబైల్ లైటు వెలుగులో పిల్లల్ని పక్కకు జరిపి, ఆ గడ్డంతా ఎత్తి బయట పడేసి, రెండో బల్బు (దేవుడి దయ, జత కొన్నాను) బిగించి స్విచ్ వేస్తే వెలిగింది. పది నిమిషాలకు ఊరంతా కరెంటు పోయింది.

చిన్న పిల్ల నోట్లో వేలు పెడితే చల్లగా తగిలింది. థర్మామీటర్ పెడితే 97 ఫారెన్‌హీట్, ఉండాల్సింది 102 దగ్గర. మా మండలం పశువుల డాక్టర్ సార్ ఒకసారి చెప్పిన మాట గుర్తుంది, చల్లబడ్డ పిల్లకు ఆత్రంగా పాలు పొయ్యొద్దు, మింగే శక్తి ఉండదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ముందు వెచ్చబెట్టు అని. మా ఇంటావిడ గ్యాసు మీద నీళ్లు కాచి రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి, పాత చీరముక్క చుట్టి తెచ్చింది. గంపలో గోనెసంచి, అటొకటి ఇటొకటి సీసా, మధ్యలో పిల్ల, పైన ఇంకో గోనె. నీళ్లు చల్లారినప్పుడల్లా మార్చాం, మూడుసార్లు. ఒంటిగంటన్నరకు 100 దాటి, నోరు వెచ్చబడి, నా వేలు చీకడం మొదలుపెట్టింది. అప్పుడు తల్లి కింద ముర్రుపాలు పిండి సీసాతో తాగించాను. రెండు కిలోల పిల్లకు మొదటి రోజు మొత్తం మీద 200 మిల్లీలీటర్లు పడాలి, ఆ రాత్రి దాంట్లో పావు వంతు పట్టించగలిగాను. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పెట్టడం కూడా మర్చిపోయి, తెల్లారి పెట్టాను. కరెంటు మూడింటికి వచ్చింది.

చెప్పొచ్చేదేమిటంటే ఈ బల్బు ఏ రాత్రి కోసం కొంటామో ఆ రాత్రే పనిచెయ్యదు. రాళ్లవాన వచ్చిందంటే కరెంటు ఉండదు, కరెంటు ఉన్న రాత్రి అంత చలి ఉండదు. ఇది బల్బు తప్పు కాదని నాకూ తెలుసు. ఇన్వర్టర్ ఉంటే వేరే సంగతి, కానీ మా దొడ్డి ఇంటికి దూరం, అక్కడిదాకా ఇన్వర్టర్ లైను లాగలేదు.

కరెంటు ఖర్చు పెద్దగా భయపడేంత లేదు, నాలుగు గంటలు వెలిగితే ఒక యూనిట్. రాత్రంతా 12 గంటలు వేస్తే మూడు యూనిట్లు. అయితే రాత్రంతా వెయ్యకండి, అది డబ్బు గురించి కాదు. మొదటి సీజన్‌లో నేను వారం రోజులు అలాగే వేశాను, పిల్లలు బల్బు కిందే పెరిగి, పొద్దున తల్లి వెంట బయటికి వచ్చి చల్లగాలి తగలగానే రెండింటికి ముక్కు కారి దగ్గు పట్టింది. ఇప్పుడు మొదటి రోజే వేస్తాను, రెండో రోజు నుంచి తీసేస్తాను. ఇంకా ఈ బల్బుకు దానంతటదే ఆరిపోయే ఏర్పాటేమీ లేదు, మధ్యాహ్నం 36 డిగ్రీల్లో కూడా మీరు మర్చిపోతే అది వెలుగుతూనే ఉంటుంది.

అదే దుకాణంలో అదే రోజు ఒక మందపాటి టార్పాలిన్ కూడా కొన్నాను, మాట వరసకు. నిజం చెప్పాలంటే పిల్లల్ని బతికించడంలో బల్బు కంటే దానిదే పెద్ద చెయ్యి. పడమర, ఉత్తరం వైపు నేల నుంచి నాలుగడుగుల ఎత్తు దాకా కట్టి, పైన జానెడు వెడల్పు ఖాళీ వదిలాను. మొత్తం మూసేస్తే మూత్రం ఘాటుకు మనకే కళ్లు మండుతాయి, పిల్లలకు నిమ్ము రాక ఏమవుతుంది? జల్లు ఆగింది, పడక పొడిగా ఉంది, సగం గెలిచినట్టే. దానికి నాలుగున్నర చుక్కలు, ఆ అర ఎందుకు తగ్గించానంటే అంచు రింగులు మొదటి గాలికే మూడు ఊడాయి.

ఇంతకీ బల్బు కొనాలా వద్దా? ఐదారు మేకలున్నవాళ్లకు అక్కర్లేదు, వేడినీళ్ల సీసాలు, గంప చాలు. ఇరవై పైన ఉండి, ఒకే వారంలో ఏడెనిమిది ఈనేటట్టుంటే కొనండి, ప్రతి పిల్లనూ ఒళ్లో పెట్టుకుని ఆరబెట్టే తీరిక ఉండదు కదా. ఈనే నెల ముందు తల్లులకు చిటుక రోగం టీకా వేయించుకోండి, ముర్రుపాలతో పాటు ఆ రక్షణ పిల్లకూ పోతుంది, దాని పని బల్బు చెయ్యలేదు.

దుకాణానికి రెండు చుక్కలు. సరుకు ఉంటుంది, ధర మరీ ఎక్కువేం కాదు, మాట మాత్రం నమ్మకండి. బల్బును అక్కడే వెలిగించి చూపించమనండి, గాజు సామాను వాపసు లేదని గోడకు రాసి పెట్టుకున్నాడు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వేసుకుని వచ్చే రోజే పని పెట్టుకుంటే ఆటో కిరాయి కలిసొస్తుంది. మధ్యాహ్నం అన్నానికి షట్టర్ దించుతాడు, పదకొండు లోపే పోండి.