ఎనిమిదేళ్లుగా మా పలకల తలుపు, ఏడు లీవర్ల తాళం

వరంగల్ కొత్తవాడలో మాది జంపఖానాల దుకాణం. చుట్టూ అందరూ షట్టర్లకు మారినా, మాకు ఇంకా తాత పెట్టించిన టేకు పలకలే. మొత్తం తొమ్మిది. కింద గడపలో ఒక గాడి, పైన దర్వాజకు ఒక గాడి. ఎడమ చివర గాడి తెగిన చోట పలకను నిలబెట్టి కుడికి జరుపుతూ పోవాలి. తొమ్మిదోది వచ్చి ఆ తెగిన చోటే ఆగుతుంది. అంటే దాన్ని పట్టుకునే గాడే లేదు. పైనుంచి అడ్డంగా వేసే ఇనుప పట్టీయే దానికి దిక్కు. ఆ పట్టీకి వేసిన తాళం గురించే ఈ సమీక్ష.

పేరున్న కంపెనీ ఇత్తడి తాళం, ఏడు లీవర్లు. లోపల ఏడు సన్నటి రేకులుంటాయి. చెవి తిప్పినప్పుడు ఏడూ సరిగ్గా తమ తమ ఎత్తుకు లేస్తేనే నాలుక కదులుతుంది. అంతకుముందు వాడిన చవక తాళాన్ని మా తమ్ముడు ఒకసారి హెయిర్ పిన్‌తో తీసి చూపించాడు. అందుకే ఇది కొన్నాను.

కొన్న మూడో ఏడు చలికాలంలో దొంగలు పడ్డారు. పొద్దున పోయి చూస్తే తాళం తాళంలాగే ఉంది. గీత కూడా పడలేదు. కొండితో సహా గడప ముందు నేల మీద పడి ఉంది! కొండిని దర్వాజకు బిగించిన నాలుగు స్క్రూలను గడ్డపారతో మెడవిరిచి ఊడదీశారు. పోయింది రెండు జంపఖానాలు, గల్లాపెట్టెలో చిల్లర. ఆ రోజు నాకొచ్చిన కోపం మాత్రం లక్ష రూపాయలది.

వడ్లాయన వచ్చి ఊడిన చోట వేలు పెట్టి చూసి, "తాళానికేం కాలేదన్నా, స్క్రూలకే పట్టు లేదు" అన్నాడు. స్క్రూలు తీసేసి, దర్వాజలోంచి ఆరపార బోల్టులు వేశాడు. బయటివైపు గుండ్రటి తల, స్పానర్‌కు దొరకదు. తల కింద చదరంగా ఉండే మెడ కట్టెలో దిగిపోతుంది కాబట్టి బోల్టు తిరగదు. నట్టు లోపలివైపు, దాని కింద వెడల్పాటి ఇనుప పలక. తర్వాత కమ్మరి దగ్గర ఇంకో కొండి చేయించాను. పాతదానిలో తాళం వేశాక వేలు దూరేంత సందుండేది. వేలు దూరేచోట గడ్డపార మొన కూడా దూరుతుంది. ఇప్పుడు తాళం కడ్డీ ఆ రంధ్రాన్ని నిండుగా నింపేస్తుంది. నా లెక్కలో తాళానికి పెట్టిన డబ్బు కంటే ఈ బోల్టులకు పెట్టిందే ఎక్కువ పనిచేసింది.

మా మేనల్లుడు ముంబైలో యాట్‌ల మీద పనిచేస్తాడు. ఈ కథ విని నవ్వి, ఫోటో పంపాడు. పడవ లోపలికి దిగే దారికి అచ్చం ఇలాంటి పలకలే, కాకపోతే అడ్డంగా, పైనుంచి ఒకదాని మీద ఒకటి గాడిలో దింపుతారట. పైన జారే మూత వచ్చి చివరి పలక మీద కూర్చుంటే దానికో గొళ్లెం, తాళం. అక్కడా స్క్రూలంటే నమ్మకం తక్కువేనట. పడవ తలకిందులైతే పలకలు జారి పడిపోకుండా వాటికి తాళ్లు కట్టి ఉంచుతారన్నాడు.

వానాకాలం మాత్రం ఇప్పటికీ తలనొప్పే. కట్టె పొడవుకు పెద్దగా పెరగదు, వెడల్పుకు ఉబ్బుతుంది. తొమ్మిది పలకలు తలా కాస్త ఉబ్బితే తొమ్మిదోదానికి చోటుండదు. మా నాన్న ఒక శ్రావణంలో కోపమొచ్చి మూడో పలకను చిత్రిక పట్టించాడు. ఎండాకాలం వచ్చేసరికి దాని పక్క సందులోంచి రోడ్డు మీద పోయే ఆటోలు కనబడేవి. నేనైతే గాడిలో కొవ్వొత్తి రుద్ది ఊరుకుంటాను. 2023 జులైలో వరంగల్ మునిగినప్పుడు కింది గాడి నిండా ఒండ్రు పేరుకుని పలకలు మూడు రోజులు కదల్లేదు. తర్వాత గడపకు రెండు చిల్లులు పెట్టించాం, నీళ్లు దిగిపోవడానికి.

తాళానికి నూనె పోయకండి. మాకు నూలు దుమ్ము ఎక్కువ, నూనె పోస్తే లోపల ముద్దలా పేరుకుంది. ఇప్పుడు పెన్సిల్‌ను చెవి మీద నల్లగా రుద్ది నాలుగుసార్లు తిప్పుతాను, చాలు. ఇంకో ఇబ్బంది, రోడ్డు మీద చేయించిన డూప్లికేట్ చెవి. తిరుగుతుంది కానీ బతిమాలించుకుంటుంది. కంపెనీ ఇచ్చినవి పోగొట్టుకోవద్దు.

కొత్తగా కట్టుకునేవాళ్లు షట్టరే పెట్టుకోండి. ఈ తొమ్మిది పలకలు పెట్టి తీయడానికి మా అమ్మకు పది నిమిషాలు పడుతుంది, నడుం నొప్పి వేరే.

మేనల్లుడు అన్న ఇంకో మాట మాత్రం మనసులో ఉండిపోయింది. పడవలో మనిషి ఉన్నప్పుడు బయటి తాళం వేయకూడదట, తలుపు లోపలినుంచీ తీసేలా ఉండాలట. పెళ్లిళ్ల సీజన్‌లో సరుకు ఎక్కువున్నప్పుడు మా దగ్గర పనిచేసే పిల్లగాడు దుకాణంలోనే పడుకుంటాడు. ఇన్నేళ్లూ బయట తాళం వేసి ఇంటికొచ్చేవాళ్లం! ఇప్పుడు తొమ్మిదో పలకకు లోపల గడియ పెట్టించాను. వాడు పడుకున్న రాత్రి ఇత్తడి తాళం మా ఇంటి కిటికీలో ఉంటుంది.